లియో సబోల్ విసరని బంతి

కేడ్ లిండ్‌క్విస్ట్ బొటనవేలు విరిగిన చోట పోయినవారం ఆగాం. స్కూళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ ఆఖరి నిమిషంలో వాడు విసిరిన బంతి ఎదుటివాళ్ళ గీత దాటి మనవాడి చేతుల్లో పడింది, స్టేడియం మొత్తం లేచి గంతులేసింది. సరిగ్గా అప్పుడే వాడి కుడిచెయ్యి అవతలి జట్టువాడి హెల్మెట్‌కి కొట్టుకుని వేలు విరిగింది. అలా హార్లన్ ఫోర్జ్ ఊరు ఫైనల్ చేరింది, చేర్చినవాడి చెయ్యి సిమెంటు కట్టులోకి చేరింది. రేపు సాయంత్రం వెస్ట్ బ్రాండన్‌తో ఆట. ఊరందరిలోకీ బంతి దూరం విసరగలిగిన కుర్రాడు ఒక్కడే. వాడు ఇప్పుడు చెంచా కూడా ఎడంచేత్తోనే పట్టుకుంటున్నాడు.

కోచ్ వెండెల్ ప్రోకాప్ చర్చి కింది హాలు మెట్లు దిగేసరికి అక్కడ చేరిన జనంలో ఒక్కరూ ఆయన మొహం చూడలేదు. అందరూ వంటగది తలుపు పక్కన మేకుకి వేలాడుతున్న తెల్ల ఏప్రన్ వంకే చూస్తున్నారు.

ఆ ఊరి స్కూలు జట్టు పేరు మ్యూల్స్, అంటే కంచరగాడిదలు. పక్క ఊళ్ళవాళ్ళు పులులనీ గద్దలనీ పేర్లు పెట్టుకుంటే, వీళ్ళు ఒకప్పుడు బొగ్గు గనుల్లో బళ్ళు లాగిన కంచరగాడిదల పేరు పెట్టుకుని అందుకు తెగ గర్వపడతారు. గనిలో బండి తోలేవాడు ముందు దానికి మేత పెట్టాకే తను తినేవాడట. అందుకని ప్రతి ఆటకీ ముందురోజు ఈ హాల్లో భోజనం పెడతారు. ఆ భోజనంలో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపించేవాడు, ఏప్రన్ కట్టుకుని, మైదానంలో తన ముందు నిలబడి దెబ్బలు కాచే అయిదుగురు భారీ కుర్రాళ్ళకీ స్వయంగా వడ్డించాలి. వాళ్ళు తిని లేచాకే తను కూర్చోవాలి. ఏప్రన్ ఎవరు కడితే మర్నాడు ఆట వాడి చేతిలో ఉన్నట్టు. పేపరు విలేఖరి కూడా క్వార్టర్‌బ్యాక్ ఎవరని కోచ్‌కి ఫోన్ చెయ్యడు, వంటగది పెత్తనం చూసే ఆలిస్ హోమ్యాక్‌కి చేస్తాడు.

ఆగస్టులో లిండ్‌క్విస్ట్ కుటుంబం ఈ ఊరికి మారినప్పుడు కేడ్ ఆ ఏప్రన్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. వాళ్ళ నాన్న గ్రాంట్ అయితే, మావాడు హోటల్లో సర్వరా అని అడిగేశాడు. అదే కేడ్ అక్టోబరు వచ్చేసరికి, గిన్నె చల్లారిందని వంటగది తలుపు దగ్గర నిలబడి ఆలిస్‌తో పోట్లాడేవాడయ్యాడు. ఆ మార్పు చూసినప్పుడల్లా ప్రోకాప్‌కి లోపల్లోపల ముచ్చటేసేది. కుర్రాడి చేతిబలం దేవుడిచ్చింది కావచ్చు, వడ్డించడం మాత్రం వాడు కష్టపడి నేర్చుకున్నదే.

"వెండెల్, హలుష్కీ చల్లారిపోతోంది," అంది ఆలిస్, క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేయించిన పెద్ద పళ్ళెం గుడ్డతో పట్టుకుని. "ఏప్రన్ ఎవడికి కట్టమంటావో చెప్పు."

"ఒక్క నిమిషం ఆగత్తా."

"నీ నిమిషాలు మీ నాన్న నిమిషాలే. ఆయన చర్చికి వచ్చేసరికి పెళ్ళికూతురు భోంచేసి కూర్చుంది."

హాల్లో నవ్వులు లేచాయి గానీ నిలవలేదు. గస్ బెలోటీ, ముందు వరసలో నడిమివాడు, కాళ్ళ సందునించి బంతిని వెనక్కి అందించేవాడు, ఖాళీ పళ్ళెం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మిగతా నలుగురూ అంతే. వాళ్ళకి ఆకలి మండుతోందని వేరే చెప్పక్కర్లేదు. అయినా ఒక్కడూ రొట్టెముక్క ముట్టలేదు. బల్ల చివర మైలో టెర్పాక్ కూర్చున్నాడు. కేడ్ తర్వాత వంతు వాడిదే. మంచి కుర్రాడు, చురుకైన కాళ్ళు. బంతి విసిరితే మాత్రం గాలికి ఎగిరిన కాగితం ప్లేటులా ఎటు పోతుందో వాడికే తెలియదు.

మేటి క్వార్టర్‌బ్యాక్ లేకుండా కప్పు ఎత్తిన జట్టుని నాకు చూపించండి అని ఎండాకాలమంతా మంగలి షాపులోనూ పెట్రోలు బంకు దగ్గరా వాదించినవాడు ప్రోకాపే. ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. ఆ ఊరు గెలిచిన ఒకే ఒక్క రాష్ట్ర కప్పు లియో సబోల్ క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నప్పటిది. స్టేడియం గేటు దగ్గర ఆయన కంచు విగ్రహం ఉంది. చెయ్యి వెనక్కి లాగి, చేతిలో బంతితో, ఎక్కడో దూరాన ఉన్నవాడికి విసరబోతున్నట్టు. ఇన్నేళ్ళుగా ఊళ్ళో ప్రతి పిల్లాడూ ఆ విగ్రహంలా నిలబడి ఫొటో దిగినవాడే. ప్రోకాప్ కూడా దిగాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. గ్రాంట్ లిండ్‌క్విస్ట్ వచ్చాడు. హాలు వేడికి కోటు విప్పి కుర్చీ మీద పడేసి, నేరుగా కొడుకు దగ్గరికి నడిచాడు.

"కేడ్, పద. వెళ్దాం."

కేడ్ కదల్లేదు. గ్రాంట్ కోచ్ వైపు తిరిగాడు. "కోచ్, మీకు మొహం మీదే చెప్పడం మర్యాద అనిపించి వచ్చాను. మావాడు రేపు బస్సెక్కడు. యూనివర్సిటీవాళ్ళు వీడికి చదువంతా ఉచితం అన్నారు. ఆ వేలు సరిగ్గా అతుక్కునేదాకా వీణ్ణి గడ్డి మీద అడుగు పెట్టనివ్వను."

"బెంచి మీదైనా కూర్చుంటాడు కదా గ్రాంట్ గారూ," అన్నాడు ప్రోకాప్.

"కూర్చుని ఏం చూడాలి? మిమ్మల్ని తక్కువ చేసి అనట్లేదు. వీడు లేకుండా మీరు గెలవరు. ఆ మాట నాది కాదు, మీదే."

మాట మీదే అనేసరికి ప్రోకాప్‌కి చెవులు వేడెక్కాయి. గస్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"లిండ్‌క్విస్ట్ గారూ, మీవాడు విసిరేదాకా మీద ఎవడూ పడకుండా కాసింది మేమండీ. ఆ సంగతి కూడా కాస్త లెక్కలో వేసుకోండి."

"కాదన్నానా బాబూ? మీరు గోడ. మంచి గోడ. గోడ పాయింట్లు తెస్తుందా?"

"మా ఇంట్లో ఒకటి పడిపోయింది," అంది ఆలిస్ పళ్ళెం దించకుండానే. "అప్పుడు తెలిసింది గోడలేం చేస్తాయో."

ఈసారి అందరూ గట్టిగానే నవ్వారు. గ్రాంట్ కూడా నవ్వాడు. చెడ్డమనిషి కాడు, కొడుకు చెయ్యి తప్ప ప్రపంచంలో ఇంకేమీ కనబడని మనిషి, అంతే. "వాదన నాతో ఎందుకమ్మా," అన్నాడు. "మీ గేటు దగ్గరే ఉంది సాక్ష్యం. మీరు గెలిచిన ఒక్క కప్పు ఎవరి చేత్తో గెలిచారు? ఇదిగో, ఈయన చేత్తో."

గది మూల హీటరు పక్కన కూర్చుని సూపు తాగుతున్న లియో సబోల్ తల ఎత్తాడు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. మెడ ఇప్పటికీ దిమ్మలా ఉంటుంది. మాట తక్కువ.

"నా చేత్తోనా? ఎవరు చెప్పారు?"

"ఊరంతా చెబుతోంది."

"నేను ఆ ఏడాదంతా ఒక్కసారి కూడా బంతి విసరలేదు," అన్నాడు లియో.

హాలంతా ప్రేమగా నవ్వింది. ఎప్పుడు అడిగినా ఆయన ఇదే మాట అంటాడు, ఊరు ఎప్పుడూ ఇలాగే నవ్వుతుంది. చూశారా ఎంత పెద్దమనిషో అని పక్కవాడితో అంటుంది. ప్రోకాప్ కూడా అలవాటుగా నవ్వబోయాడు.

"వెండెల్, నువ్వూ నవ్వుతున్నావా?" అన్నాడు లియో. "వాళ్ళంటే సరే. నువ్వు కోచ్‌వి కదరా."

ఆయన చెంచా కింద పెట్టాడు. "విగ్రహం తెర తీసిన రోజు మైకు పట్టుకుని చెప్పాను, నేను బంతి విసరలేదర్రా అని. చప్పట్లు కొట్టారు. వినబడలేదేమోనని ఇంకా గట్టిగా చెప్పాను. లేచి నిలబడి మరీ కొట్టారు. ఇంకేం చెయ్యను? ఇంటికెళ్ళి పడుకున్నాను."

నవ్వు ఆగింది.

"ఆ రోజుల్లో బంతి నేరుగా వెనకవాడి చేతికే వెళ్ళేది. చెస్టర్ మ్రోజ్ అని ఒకడుండేవాడు. పరుగెత్తేవాడూ వాడే, విసిరేవాడూ వాడే. క్వార్టర్‌బ్యాక్ అంటే వాడి ముందు పరుగెత్తి, అడ్డం వచ్చినవాణ్ణి గుద్ది దారి తీసేవాడు. అది నేను. ఎటు వెళ్ళాలో, ఎప్పుడు కదలాలో అరిచి చెప్పేదీ నేనే. అరిచి, నేనే ముందు వెళ్ళి తగులుకునేవాణ్ణి. తర్వాత ఆట మారింది. పని మారింది, పేరు అదే ఉండిపోయింది. విగ్రహం చేసినతను పేరు చూసి చేతిలో బంతి పెట్టేశాడు."

పాత ఆటలో క్వార్టర్‌బ్యాక్ దారి తీసేవాడేనని ప్రోకాప్‌కి తెలియదా? తెలుసు. కోచింగ్ పాఠాల్లో చదివాడు, పరీక్ష రాశాడు, పాసయ్యాడు. అయినా రోజూ ఆ కంచు చేతిని చూసి చూసి, చదివినది ఒకవైపూ చూసినది ఒకవైపూ పెట్టుకుని బతికేశాడు. ఊరు గెలిచిన ఒక్క కప్పూ బంతి విసరని క్వార్టర్‌బ్యాక్ తెచ్చిపెట్టాడు. ఆ మనిషి అరవై డెబ్భై ఏళ్ళుగా నిజం చెబుతూనే ఉన్నాడు. చెప్పిన ప్రతిసారీ దాన్ని వినయం కింద జమకట్టి భుజం తట్టారు. ప్రోకాప్‌కి సిగ్గేసింది. సిగ్గుని మించి ఆ ముసలాయన మీద గౌరవం పొంగింది. తనది కాని గొప్పని ఊరంతా నెత్తిన పెడుతుంటే, తీసెయ్యండర్రా అని ఓపిగ్గా చెబుతూ వచ్చిన మనిషి ఇంకెక్కడుంటాడు?

అప్పుడు కేడ్ లేచాడు. నాన్నని దాటుకుని వెళ్ళి లియో ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తాతా, మరి ఎదుటివాణ్ణి చేతుల్తో నెట్టేవాళ్ళా?"

"చేతులు చాచితే రిఫరీ తప్పు పట్టేవాడు. పిడికిళ్ళు గుండెకి అదిమి పెట్టుకోవాలి. భుజంతో తగలాలి, కాళ్ళతో నడవాలి. చేతులతో పనేముంది?"

కేడ్ తన కట్టు వంక చూసుకున్నాడు. హాలు మొత్తం ఆ కట్టు వంకే చూసింది.

"చూపిస్తారా?"

"ఎవరి మీద?"

గస్ బెలోటీ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. మూడు వందల పౌన్లు దాటిన మనిషి. ముసలాయన్ని ముట్టుకోవడానికే భయపడుతూ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సరిగ్గా నిలబడరా," అన్నాడు లియో చేతికర్ర గోడకి ఆనించి. "నన్ను పడేస్తానని బెంగపడకు. నీ సంగతి చూసుకో."

ఆయన నడుం వంచాడు. అప్పటికే వంగిన నడుం అది, ఇంకాస్త వంగింది. రెండు పిడికిళ్ళూ గుండెకి చేర్చుకుని, భుజం తీసుకెళ్ళి గస్ పక్కటెముకల కింద ఆనించాడు. కొట్టలేదు, తోయలేదు. పాదాలు నేలకి రాసుకుంటూ చిన్న చిన్న అడుగులు వేశాడు. ఒకటి, ఇంకొకటి. గస్ మడమ నేల మీద కీచుమంది. ఆ కుర్రాడి బరువంతా ఒక్కసారి పక్కకి ఒరిగింది, నిలదొక్కుకోవడానికి బల్ల పట్టుకోవలసి వచ్చింది.

"ఒరేయ్," అన్నాడు గస్ నోరు తెరిచి. "కదిలించాడురా."

లియో ఆయాసపడుతూ కుర్చీలో కూలబడ్డాడు. ఆలిస్ పళ్ళెం బల్ల మీద పెట్టేసి నీళ్ళ గ్లాసుతో పరుగెత్తింది. "ఈ వయసులో ఇదేం పొయ్యేకాలం లియో మామా," అని తిడుతూనే ఆయన వీపు రాసింది. ఆయన మొహం మాత్రం ఎర్రబడి వెలిగిపోతోంది. ఇన్నేళ్ళకి ఊరు ఆయన్ని ఆయన చేసిన పనిని బట్టి చూసింది.

కేడ్ మేకు దగ్గరికి వెళ్ళి ఏప్రన్ తీశాడు. కట్టుకోలేదు. బల్ల చివరికి నడిచి మైలో మెడలో వేశాడు. వెనక నాడాలు ఒంటి చేత్తో ముడి పడక, ఒక కొస పళ్ళతో పట్టుకుని లాగి బిగించాడు.

"నేను విసరలేను కదరా," అన్నాడు మైలో.

"విసరమని ఎవడన్నాడు? బంతి పట్టుకుని పరుగెత్తు. నా వీపు చూసుకుంటూ రా."

తర్వాత కోచ్ వైపు తిరిగాడు. "సార్, రేపు మైలో బంతి తీసుకుంటాడు. నేను వాడి ముందుంటాను. ఆ కుడివైపు పరుగు మనం రోజూ చేసేదే కదా. ముందు వెళ్ళేవాడి చోట నన్ను పెట్టండి. కట్టు మీద మందంగా స్పాంజి చుట్టుకుని, బంతి పట్టుకోకపోతే ఆడొచ్చని డాక్టరు చెప్పాడు. నాన్న ఎదురుగానే చెప్పాడు."

"అమ్మానాన్నలు ఒప్పుకుంటేనే అని కూడా చెప్పాడు," అన్నాడు గ్రాంట్. "నీకు పిచ్చెక్కిందా? నువ్వు బంతి విసిరేవాడివి. రాష్ట్రంలో నీలా విసిరేవాడు లేడు. వెళ్ళి ఎవడినో గుద్దుకుంటానంటావేంటి?"

"విసరలేనుగా నాన్నా, ఇప్పుడు."

"అందుకే ఇంటికి రా."

"వీళ్ళు ఇన్నాళ్ళూ నా కోసం దెబ్బలు తిన్నారు," అన్నాడు కేడ్. "నేను తిన్నవి ఎన్ని? అన్నం వడ్డించి సరిపెట్టుకోమంటావా?"

మైలో పళ్ళెం అందుకుని గస్ ముందు నిలబడ్డాడు. గస్ ఇంకా కూర్చోలేదు. అయిదుగురూ నిలబడే ఉన్నారు.

గ్రాంట్ ప్రోకాప్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. ఆ గొంతులో ఇందాకటి పొగరు లేదు, బతిమాలుకోవడమే ఉంది. "కోచ్, వీడు నా మాట వినడు. మీ మాట వింటాడు. మీరు వద్దనండి. ఒక్క మాట. వీడి చదువు, వీడి బతుకు ఆ చేతిలో ఉన్నాయి."

ప్రోకాప్ నోరు తెరిచాడు. వద్దనడం చాలా సులువు, ఎవరూ తప్పుపట్టరు కూడా. కానీ కళ్ళ ముందు రేపటి ఆట కదులుతోంది. వెస్ట్ బ్రాండన్‌వాళ్ళు వారమంతా మైలో విసరలేడని నవ్వుకుంటూ ఉండి ఉంటారు. వీళ్ళు అసలు విసరనే విసరకపోతే? అయిదుగురు ముందు, వాళ్ళ వెనక రాష్ట్రంలోకెల్లా ఆట ఎరిగిన కుర్రాడు భుజం దించుకుని, వాడి వెనక మైలో. ఆ బొమ్మ ఎంత అందంగా ఉందో ఆయనకి తెలుసు. కప్పు కోసం ఎంత ఆకలిగా ఉన్నాడో అదీ తెలుసు. అందుకే తన నోటి మీద తనకే నమ్మకం లేకపోయింది. ఆటని చూసి సరే అంటున్నాడా, లేక కుర్రాణ్ణి కప్పుకి తాకట్టు పెడుతున్నాడా?

"మీరెందుకు మాట్లాడరు?" అన్నాడు గ్రాంట్.

"నువ్వు కాదు, ఆయన్ని నన్నడగనివ్వు," అని మెట్ల దగ్గరనించి ఒక గొంతు వినిపించింది.

కేడ్ వాళ్ళమ్మ మారిబెత్. ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు. భుజాల మీద మంచు కరిగి నీళ్ళవుతోంది. ఆగస్టునించీ ప్రతి ఆటకీ వచ్చి, గాజుబొమ్మలా కూర్చుని, ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడకుండా వెళ్ళిపోయిన మనిషి.

"వీడు బంతి పట్టుకున్న రోజునించీ చూస్తున్నాను కోచ్," అందావిడ. "ఎప్పుడూ వీడి ముందు అయిదుగురు ఉండేవారు. వాళ్ళని చూసుకునే నేను నిబ్బరంగా కూర్చునేదాన్ని. రేపు ఆ అయిదుగురినీ దాటి వెళ్ళాక వీడి ముందు ఎవరుంటారు?"

ఇక్కడ అబద్ధమాడితే జన్మలో మళ్ళీ ఏ తల్లి మొహమూ చూడలేనని ప్రోకాప్‌కి అనిపించింది.

"ఎవరూ ఉండరమ్మా," అన్నాడు. "అందరికంటే ముందు వీడే ఉంటాడు."

మారిబెత్ తల ఊపింది. కొడుకుని చూసింది. ఏప్రన్‌లో బిక్కుబిక్కుమంటున్న మైలోని చూసింది. ఇంకా కూర్చోని ఆ అయిదుగురినీ ఒక్కొక్కరినే చూసింది. హీటరు పక్కన కుర్చీలో ఆయాసం తీర్చుకుంటున్న లియో సబోల్ దగ్గర ఆవిడ చూపు కాసేపు ఆగింది. తర్వాత మొగుడి వైపు చెయ్యి చాపింది.

"కారు తాళాలిలా ఇవ్వు, గ్రాంట్."

ఆయన జేబు తడుముకుని ఇచ్చాడు. ఆవిడ తాళాలు గుప్పిట్లో బిగించుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్ల వైపు తిరిగింది.

"కోటు వేసుకో," అంది, మొగుణ్ణో కొడుకునో చెప్పకుండా.

తండ్రి కొడుకు మొహం చూశాడు. కొడుకు తండ్రి మొహం చూశాడు. కుర్చీల మీద రెండు కోట్లున్నాయి, ఆవిడ అప్పుడే మొదటి మెట్టెక్కుతోంది.